ఇసుక కథ – 14: ఎర్రగా వెలిగిన సిలికాన్

కిందటి భాగం 1956లో, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ముగిసింది. సిలికాన్ బిళ్ళను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచి, కరెంటు పంపి, కావలసిన ఆకారంలో నున్నగా చెక్కాలని చూసిన ఆర్థర్ ఉలిర్, ఇంగెబోర్గ్ ఉలిర్ దంపతులకు కరెంటు చాలనప్పుడల్లా బిళ్ళ మీద నల్లగా, గోధుమ రంగుగా, ఎర్రగా ఒక పొర కనిపించేది. వాళ్ళ పనికి అది అడ్డొచ్చే మరక. దాని గురించి నాలుగు ముక్కలు రాసి ముందుకు సాగిపోయారు. 1971లో జపాన్‌లో వతనబె, సకాయి అనే ఇద్దరు అసలు సంగతి తేల్చారు. అది పైన పేరుకున్న మడ్డి కాదు, ఆమ్లం తొలిచేయగా మిగిలిన సిలికానే. దాని నిండా కంటికి ఆనని బెజ్జాలు. మరో పదేళ్ళకు జపాన్ టెలిఫోన్ సంస్థ ఇంజినీర్లు ఆ బెజ్జాల పొరను ఆక్సైడ్‌గా మార్చి, ట్రాన్సిస్టర్ల మధ్య కరెంటు పారకుండా అడ్డుగోడగా వాడుకున్నారు. 1990 నాటికి దాని బతుకు అంతే. గోడకు పనికొచ్చే సరుకు.

ఈ భాగంలో ఆ సరుకు వెలుగుతుంది. ఆ వెలుగు ఎక్కడిదన్న తగవు పదిహేనేళ్ళకు పైగా సాగుతుంది.

ముందు సిలికాన్ పేరుప్రతిష్ఠల సంగతి చూద్దాం. లెక్కలు చేయడంలో దానికి తిరుగులేదు. వెలుగివ్వడంలో మాత్రం వట్టి మొద్దు. 1962లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో నిక్ హొలొన్యాక్ కంటికి కనిపించే ఎర్రటి ఎల్ఈడీని చేసి చూపించినప్పుడు వాడింది గాలియం ఆర్సెనైడ్ ఫాస్ఫైడ్. ఆ తర్వాత వచ్చిన దీపాలు, లేజర్లు కూడా గాలియం, ఇండియం లాంటి మూలకాల మీదే నడిచాయి. సిలికాన్‌లో ఉత్తేజం పొందిన ఎలక్ట్రాన్ తాను వదిలివచ్చిన ఖాళీలోకి, అంటే హోల్‌లోకి, తిరిగి పడితే ఆ శక్తి కాంతిగా బయటికి రావాలి. కానీ ఆ రెండింటి ద్రవ్యవేగాలు వేరు. నేరుగా కలవలేవు. స్ఫటికంలోని పరమాణువుల కంపనం ఒకటి మధ్యలో కలగజేసుకుని ఆ తేడాను పూడ్చాలి. అలాంటి కంపనం దొరికేలోగా ఎలక్ట్రాన్ తిరిగి తిరిగి స్ఫటికంలోని ఏదో ఒక లోపంలో చిక్కుకుని, శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది. పదివేలకో లక్షకో ఒక్క జత కాంతినిచ్చినా అది కూడా పరారుణం, 1,100 నానోమీటర్ల చుట్టుపక్కల. మన కంటికి చీకటే.

1980ల్లో ఈ లోపం బాగా గుచ్చుకోసాగింది. టెలిఫోన్ మాటలు రాగి తీగ వదిలి గాజు తీగలో కాంతిగా పరిగెడుతున్నాయి. లెక్కలు చేసేది సిలికాన్, కాంతినిచ్చేది గాలియం ఆర్సెనైడ్. రెండింటి స్ఫటికాల్లో పరమాణువుల మధ్య దూరాలు సరిపోలవు కనుక ఒకదాని మీద ఒకటి పెంచితే పగుళ్ళు, లోపాలు. సిలికాన్ చేతే వెలుగు ఇప్పించగలిగినవాడికి పరిశ్రమ మొత్తం సలాము కొడుతుందని అందరికీ తెలుసు. ఎలాగన్నదే ఎవరికీ తెలియదు.

మాల్వెర్న్ ఇంగ్లండ్‌లో వూస్టర్‌షైర్ కొండల పక్కన ఉన్న చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, రాడార్ పరిశోధకులు వచ్చి అక్కడి మగపిల్లల బడిని ఆక్రమించుకున్నారు. యుద్ధం అయిపోయినా ఊరు వదల్లేదు. తర్వాత వాళ్ళ సంస్థే రాయల్ సిగ్నల్స్ అండ్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్ అయింది. రక్షణ శాఖ జీతం మీద నడిచినా భౌతికశాస్త్రం లోతుగా తవ్వే చోటు. 1990 నాటికి బెర్లిన్ గోడ కూలింది, ప్రచ్ఛన్న యుద్ధం చల్లారింది, రక్షణ ప్రయోగశాలల బడ్జెట్ల మీద కత్తెర వేలాడుతోంది. మరుసటి ఏడాదే ఆ సంస్థ పాత పేరు పోయి, మిగతా రక్షణ ప్రయోగశాలలతో కలిసిపోయింది. అలాంటి రోజుల్లో అక్కడ పనిచేస్తున్న లీ క్యానమ్ అనే భౌతికశాస్త్రవేత్త ఆ పాత మరక మీద మనసు పెట్టాడు.

అతని ఆలోచన ఇది. బెజ్జాలున్న సిలికాన్‌లో అందరూ బెజ్జాలనే చూస్తున్నారు. మిగిలిన గోడల సంగతేమిటి? బెజ్జాలను ఇంకా ఇంకా వెడల్పు చేస్తూ పోతే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అప్పుడు మిగిలేవి విడివిడిగా నిలబడ్డ సన్నటి సిలికాన్ తీగలు. వాటి మందం ఐదు నానోమీటర్ల లోపుకు దిగితే లోపలి ఎలక్ట్రాన్‌కు మసలడానికి చోటు చాలదు. చోటు తగ్గితే శక్తి పెరుగుతుంది. అది క్వాంటం నియమం. శక్తి పెరిగితే పరారుణంగా రావలసిన కాంతి ఎరుపు వైపు జరుగుతుంది. ఇరుకులో ఎలక్ట్రాన్, హోల్ కలిసే అవకాశం కూడా పెరుగుతుంది.

గాలియం ఆర్సెనైడ్‌లో ఇలాంటి ఇరుకు నిర్మాణాల కోసం పెద్ద ప్రయోగశాలలు కళ్ళు తిరిగే ధర పెట్టి శూన్య యంత్రాలు కొన్నాయి. క్యానమ్‌కు కావలసింది ఒక గిన్నె, ప్లాటినం తీగ, కొంచెం కరెంటు. గిన్నె మాత్రం గాజుది కాకూడదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజును తినేస్తుంది కనుక టెఫ్లాన్ వాడాలి. బిళ్ళను ముందు కరెంటుతో తొలిచి, ఆ తర్వాత కరెంటు కట్టేసి అదే ఆమ్లంలో గంటల తరబడి ఊరనిచ్చాడు. గోడలు మెల్లమెల్లగా సన్నబడ్డాయి. నానిన కొద్దీ కాంతి పరారుణం నుంచి ఎరుపు వైపు జరుగుతూ, ప్రకాశం పెరుగుతూ వచ్చింది. ఒక మిల్లీవాట్ కూడా లేని ఆకుపచ్చ లేజర్ కిరణాన్ని, దగ్గరికి కుదించకుండా అలాగే బిళ్ళ మీద వేస్తే, గది ఉష్ణోగ్రత దగ్గరే ఎర్రటి వెలుగు మామూలు కంటికి కనిపించింది. ఆ వ్యాసం 1990 సెప్టెంబర్ 3న అప్లైడ్ ఫిజిక్స్ లెటర్స్‌లో అచ్చయింది.

చరిత్ర ఇక్కడ కొంచెం చిలిపిగా నవ్వుతుంది. ఆరేళ్ళ ముందు, 1984లో, అదే మాల్వెర్న్‌లో పికరింగ్, బీల్ తదితరులు ద్రవ హీలియం చలిలో ఇలాంటి బెజ్జాల పొరల నుంచే కంటికి కనిపించే కాంతిని చూశారు. కానీ దాన్ని స్ఫటికం కాని, ఒక క్రమం లేని పదార్థం ఖాతాలో వేసి ఊరుకున్నారు. అటు జపాన్‌లో తకాగి బృందం సైలేన్ వాయువు నుంచి చేసిన సిలికాన్ నలుసులు ఎర్రగా వెలుగుతున్నాయని, సైజు తగ్గితే రంగు మారుతోందని 1990లోనే, క్యానమ్ కంటే కొద్ది నెలల ముందే ప్రచురించింది. అయినా ప్రపంచం క్యానమ్ పేరే పట్టుకుంది. నా లెక్కలో అందుకు కారణం భౌతికశాస్త్రం కంటే ఆ గిన్నె. తకాగి పద్ధతికి ప్లాస్మా యంత్రం కావాలి. క్యానమ్ పద్ధతిని ఏ కాలేజీ ల్యాబ్‌లోనైనా మధ్యాహ్నానికి చేసి చూడొచ్చు.

చేసి చూశారు కూడా. ఏడాది తిరిగేసరికి అమెరికా, జర్మనీ, ఫ్రాన్స్, జపాన్, ఇండియా, ఎక్కడ చూసినా టెఫ్లాన్ గిన్నెలే. ఆ గిన్నె చుట్టూ నడిచే బతుకు మాత్రం అంత తేలిక కాదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పలచనగా ఉంటే ఒంటి మీద పడ్డ వెంటనే మంట పుట్టించదు, అదే దాని ప్రమాదం. చర్మం దాటి లోపలికి దిగి శరీరంలోని కాల్షియంను పట్టేస్తుంది. రెండేసి జతల గ్లవ్స్, ముఖానికి కవచం, చేతికందే దూరంలో కాల్షియం గ్లూకొనేట్ జెల్ ట్యూబు, ఇవి లేనిదే ఆమ్లం సీసా మూత తీయకూడదు. ఇన్ని జాగ్రత్తలతో తీసిన బిళ్ళను ఆరబెడితే మరో తంటా. నీరు ఆవిరయ్యేటప్పుడు దాని తలతన్యత ఆ సన్నటి తీగలను ఒకదానిమీదికొకటి లాగేస్తుంది. పొర పగిలి పెచ్చులుగా లేస్తుంది. మాల్వెర్న్ వాళ్ళు చివరికి ద్రవానికీ వాయువుకూ తేడా చెరిగిపోయే పీడనం, ఉష్ణోగ్రతల దగ్గర ఆరబెట్టి ఈ గండం గట్టెక్కారు. అప్పటికి 1994 వచ్చింది.

క్యానమ్‌తో సంబంధం లేకుండానే అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఫోల్కర్ లేమన్, ఉల్రిచ్ గోసెలె ఇదే దారిలో నడిచారు. వాళ్ళు వెలుగును కాకుండా, ఆ పొర ఏ కాంతిని మింగుతుందో, దేన్ని వదిలేస్తుందో కొలిచారు. మామూలు సిలికాన్ మింగేసే కాంతిని ఈ పొర దాటనిస్తోంది. అంటే ఎలక్ట్రాన్ ఉత్తేజం పొందడానికి దాటాల్సిన మెట్టు, శక్తి అంతరం, నిజంగానే పెరిగింది. 1991 ఫిబ్రవరిలో వాళ్ళ వ్యాసం వచ్చింది. అదే ఏడాది మాల్వెర్న్‌లో టోనీ కల్లిస్, క్యానమ్ కలిసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో మూడు నానోమీటర్ల లోపు స్ఫటిక తీగల చిత్రాలు తీసి నేచర్ పత్రికలో పెట్టారు. మ్యూనిక్‌లో, టోక్యోలో కరెంటుతోనే వెలిగించి చూపించారు. ఆ ఏడాది చివర బోస్టన్‌లో సిలికాన్ వెలుగు కోసమే ఒక సదస్సు నడిచింది. ఇరుకే కారణమన్న వాదం గెలిచేసినట్టే కనిపించింది.

సరిగ్గా అప్పుడే స్టుట్‌గార్ట్ నుంచి అభ్యంతరం వచ్చింది.

1992లో మాక్స్ ప్లాంక్ సంస్థలో బ్రాంట్, స్టుట్జ్‌మన్ తదితరులు ఒక పాత సీసా దుమ్ము దులిపారు. అందులో ఉన్నది సైలాక్సీన్. 1863లో జర్మన్ రసాయనవేత్త వోలర్ కాల్షియం సిలిసైడ్ మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి చేసిన పదార్థం. 1920ల్లో కౌట్‌స్కీ దాన్ని శ్రద్ధగా పరిశీలించాడు. సిలికాన్, ఆక్సిజన్, హైడ్రోజన్‌ల సమ్మేళనం, చక్కగా వెలుగుతుంది. బెజ్జాల సిలికాన్ వెలుగు, సైలాక్సీన్ వెలుగు పక్కపక్కన పెట్టి చూడండి, ఒకేలా లేవూ? అన్నారు వాళ్ళు. ఆమ్లంలో నానిన సిలికాన్ పైభాగాన ఇలాంటి రసాయనమే తయారై ఉంటుంది, వెలిగేది అదే, మీ క్వాంటం తీగలు కావు, ఇదీ వాదం. భౌతికశాస్త్రవేత్తలు రెండేళ్ళుగా ఊరేగిస్తున్న సిద్ధాంతాన్ని నూట ముప్పై ఏళ్ళ నాటి సీసా ఒకటి గద్దించింది.

దీనికి దెబ్బ అనుకోని చోటు నుంచి తగిలింది. మ్యూనిక్‌లో పెట్రోవా-కోఖ్ బృందం ఈ పొరలను ఆక్సిజన్‌లో కొద్దిసేపు భయంకరంగా కాల్చింది. ఆ వేడికి హైడ్రోజన్ అన్నది పూర్తిగా పోతుంది. హైడ్రోజన్ లేకపోతే సైలాక్సీన్ లేదు. అయినా పొర మునుపటి కంటే గట్టిగా వెలిగింది. సైలాక్సీన్ వాదం అక్కడితో చాలావరకు చతికిలబడింది. విచిత్రమేమంటే ఆ మ్యూనిక్ వాళ్ళు క్యానమ్ పక్షమూ కాదు. కాంతిని మింగేది లోపలి స్ఫటికమే కానీ వెలువరించేది పైపొరలోని స్థితులు అన్నది వాళ్ళ మూడో దారి. మాల్వెర్న్ తరఫున క్యాల్కాట్ 1993లో జవాబిచ్చాడు. బాగా చల్లబరిచి, ఎంచుకున్న శక్తితో ఉత్తేజపరిచి, వెలువడిన కాంతిలో మెట్లు చూపించాడు. ఆ మెట్ల ఎత్తు అచ్చంగా సిలికాన్ స్ఫటికంలోని కంపనాల శక్తి. వెలుగుతున్నది స్ఫటికమే అనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం కష్టం.

ఇలా ఇరుపక్షాలూ చెరో సాక్ష్యం పట్టుకుని కూర్చోవడానికి ఒక కారణం ఉంది. ఎవరి నమూనా వయసు ఎంతో ఎవరూ సరిగా చెప్పలేదు. వయసుతో పనేమిటో అర్థం చేసుకోవాలంటే సిలికాన్ నలుసు పైభాగం దగ్గరికి వెళ్ళాలి.

మూడు నానోమీటర్ల సిలికాన్ నలుసులో సుమారు 700 పరమాణువులుంటాయి. వాటిలో మూడో వంతుకు పైగా పైభాగానే ఉంటాయి. లోపలి ప్రతి సిలికాన్ పరమాణువూ నాలుగు పక్కలా నాలుగు బంధాలతో స్థిమితంగా ఉంటుంది. పైనున్న వాటికి ఒకవైపు ఎవరూ లేరు. ఆ వేలాడే బంధం ఒక్కటి మిగిలిపోయినా ఎలక్ట్రాన్ దానిలో చిక్కి శక్తి వేడిగా పోతుంది. కుండంతా గట్టిగా ఉన్నా అడుగున ఒక్క చిల్లు చాలు కదా. అందుకే లోపల ఎంత ఇరుకు సృష్టించినా పైన ప్రతి చేతికీ పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరకాలి.

మాల్వెర్న్‌లో ఆ పని హైడ్రోజన్ చేసింది. ఎవరూ పిలవలేదు, అదే వచ్చింది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కడిగిన సిలికాన్ మీద ఫ్లోరిన్ మిగులుతుందని చాలాకాలం నమ్మారు. సిలికాన్–ఫ్లోరిన్ బంధం అంత బలమైనది. 1986లో ఎలి యబ్లొనొవిచ్ బృందం ఆ ఆమ్లంలో కడిగిన సిలికాన్ పైభాగంలో ఎలక్ట్రాన్లను మింగే లోపాలు ఆశ్చర్యపోయేంత తక్కువని, దాన్ని కప్పి ఉన్నది హైడ్రోజన్ అని చూపించింది. ఎందుకలా అన్న చిక్కు 1990లో బెల్ ల్యాబ్స్‌లో వీడింది. దాన్ని విప్పిన నలుగురిలో గణనల పని చూసిన ఒకరు మద్రాసులో చదువుకుని వెళ్ళిన కృష్ణన్ రాఘవాచారి. సిలికాన్‌ను పట్టుకున్న ఫ్లోరిన్ దాని ఎలక్ట్రాన్లను తన వైపు లాగుతుంది. దాంతో ఆ సిలికాన్‌కు కింది వరసతో ఉన్న బంధాలు బలహీనపడతాయి. మరో ఆమ్ల అణువు వచ్చి ఆ బంధాలనే తెంపుతుంది. ఫ్లోరిన్ పట్టిన సిలికాన్ ఊడి ఆమ్లంలోకి పోతుంది, కింది వరసకు హైడ్రోజన్ దక్కుతుంది. ఎవరి బంధం బలమైనదో వాళ్ళే వెళ్ళిపోవడం, బలహీనులు మిగిలి ఊరు కాయడం. క్యానమ్ వెలుగు ఈ కాపలా మీదే నిలబడింది.

కానీ హైడ్రోజన్ కాపలా ఎంతోకాలం నిలవదు. గాలిలో పెడితే ఆక్సిజన్ లోపలికి దూరడం మొదలై, వారాలు, నెలల పాటు సాగుతుంది. లేజర్ కాంతి ఆ పనిని తొందరపెడుతుంది. నిలవ ఉంచిన ప్లాస్టిక్ డబ్బా వదిలే ఆవిర్లు సైతం బెజ్జాల్లో చేరతాయి. కాలిఫోర్నియాలో మైఖేల్ సెయిలర్ బృందం కొన్ని ఆవిర్లు తగిలితే వెలుగు తగ్గడం, తీసేస్తే మళ్ళీ రావడం చూపించింది. అంటే ఒక ల్యాబ్‌లో గంట వయసున్న పొరను, ఇంకోచోట రెండు నెలలు గాలి పీల్చిన పొరను ఒకే పేరుతో పిలుస్తూ ఎవరి వెలుగు నిజమో వాదించుకున్నారు. ఆ తొంభైల తగవులో సగం ఇదేనని నా అనుమానం.

దీన్ని చక్కగా విడదీసిన ప్రయోగం 1999లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో జరిగింది. వోల్కిన్, ఫోషే తదితరులు వేర్వేరు సైజుల నలుసులున్న పొరలను ఆర్గాన్ వాయువులోనే ఉంచి, గాలి తగలనివ్వకుండా కొలిచారు. సైజు తగ్గేకొద్దీ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, క్యానమ్ లెక్క చెప్పినట్టే రంగులు వరసగా వచ్చాయి. తర్వాత గాలిలోకి తీశారు. నిమిషాల్లోనే నీలం, ఆకుపచ్చ నలుసులు నారింజ, ఎరుపు వైపు దిగిపోయాయి. పెద్ద నలుసులు పెద్దగా చలించలేదు. లిల్‌లోని ఫ్రెంచి సిద్ధాంతవేత్తలు డెలెరూ, అలాన్ లెక్కకట్టి కారణం చెప్పారు. మూడు నానోమీటర్ల లోపు నలుసు మీద ఆక్సిజన్ రెండు చేతులతో సిలికాన్‌ను పట్టుకుంటే, పెరిగిన శక్తి అంతరం మధ్యలో ఒక కొత్త మెట్టు ఏర్పడుతుంది. ఎలక్ట్రాన్ దాని మీదికి దిగి అక్కడినుంచే కాంతినిస్తుంది. ఎంత చిన్న నలుసైనా ఆ మెట్టు కిందికే దిగాలి కనుక గాలిలో పెట్టినవన్నీ ఎర్రగానే కనిపించాయి. పదేళ్ళుగా నలుసు సైజు తగ్గించినా రంగు ఎందుకు మారడం లేదని తలలు పట్టుకున్నవాళ్ళకు ఊపిరి ఆడింది.

మరి హైడ్రోజన్ నిలవదు, ఆక్సిజన్ రంగు మారుస్తుంది. మూడో తొడుగు కావాలి. ఇక్కడ రంగంలోకి దిగింది రసాయనవేత్తలు. స్టాన్‌ఫర్డ్‌లో లిన్‌ఫర్డ్, చిడ్‌సీ 1993లో సిలికాన్ మీద కార్బన్ గొలుసులను నేరుగా అతికించారు. పైనున్న సిలికాన్–హైడ్రోజన్ బంధం, కార్బన్ల మధ్య జంట బంధమున్న అణువుతో కలిస్తే సిలికాన్–కార్బన్ బంధం ఏర్పడుతుంది. దీన్నే హైడ్రోసైలిలేషన్ అంటారు. 1998లో జిలియన్ బురియాక్, మాథ్యూ అలెన్ ఇదే పనిని అల్యూమినియం సమ్మేళనం సాయంతో గది ఉష్ణోగ్రతలో, బెజ్జాల పొర మీద చేసి చూపించారు. మరిగే క్షారంలో మామూలు పొర కరిగిపోతే ఈ పొర నిలబడింది. చిక్కల్లా అతికించే అణువును ఎంచుకోవడంలో ఉంది. కొన్ని తొడుగులు గట్టిగా ఉంటాయి కానీ వెలుగును పూర్తిగా ఆర్పేస్తాయి.

అప్పటికి గిన్నె నుంచి పని నలుసుల వైపు మళ్ళింది. మిన్నెసోటాలో కోర్ట్స్‌హాగెన్ బృందం సైలేన్ వాయువును ప్లాస్మాలో పంపి కొన్ని మిల్లీసెకన్లలో నలుసులు చేసింది. వాటికి గాలి తగలకుండా కార్బన్ గొలుసులు తొడిగితే మింగిన కాంతిలో 60 శాతానికి మించి వెలుగుగా తిరిగొచ్చింది. అది 2006 సంగతి. పదివేలకో లక్షకో ఒకటి ఇచ్చిన పదార్థం ఇదే. తయారీలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఊసే లేదు.

ఇక తగవు తీర్పు. 2008లో బెల్జియంలోని లువెన్‌లో గోడెఫ్రో బృందం గాజులో పొదిగిన సిలికాన్ నలుసులను 50 టెస్లా దాకా వెళ్ళే అయస్కాంత క్షేత్రంలో పెట్టింది. అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రాన్‌ను ఇంకా బిగిస్తుంది. నలుసంతా పరుచుకున్న ఎలక్ట్రాన్ అయితే దాని కాంతి శక్తి పెరుగుతుంది. ఒక లోపంలో ముడుచుకుని కూర్చున్నదైతే కదలదు. అప్పుడే చేసిన నమూనా కదల్లేదు, వెలుగుతున్నది లోపాలు. దాన్నే హైడ్రోజన్‌లో వేడిచేసి లోపాలు మూశారు, ఈసారి కదిలింది, వెలుగుతున్నది స్ఫటికం. అతినీలలోహిత కాంతి చూపి మళ్ళీ లోపాలు తెరిచారు, మళ్ళీ కదల్లేదు. ఒకే నమూనా మాల్వెర్న్ పక్షాన, పైపొర పక్షాన వంతులవారీగా సాక్ష్యం చెప్పింది. నీలం రంగు మీద మాత్రం కొట్లాట మిగిలింది. 2013లో కెనడాలో మిత దాసోగ్, జొనాథన్ వీనొ తదితరులు ద్రావణాల్లో చేసిన నలుసుల నీలానికి కారణం సైజు కాదని, వాటిలో చేరిన కొద్దిపాటి నైట్రోజన్, ఆక్సిజన్ అని చూపించాక అది కూడా కొంత సద్దుమణిగింది.

తగవు తీరేలోపే ఆశ పుట్టింది. 2000 నవంబర్‌లో ఇటలీలోని ట్రెంటో నుంచి లొరెంజొ పవేసి బృందం నేచర్‌లో మరో కబురు పంపింది. ఈ నలుసుల్లో కాంతి ఇంకా కాంతిని పుట్టిస్తోందట, అంటే సిలికాన్ లేజర్‌కు దారి దొరికిందట. నమ్మినవాళ్ళు ఎందరో, నమ్మనివాళ్ళూ అందరే. అటు క్యానమ్ 1995లోనే ఆ బెజ్జాల బిళ్ళను రక్తంలోని ద్రవాన్ని పోలిన ఉప్పునీటిలో వేసి, లేజర్లతో సంబంధం లేని ఇంకో సంగతి గమనించాడు. బిళ్ళ మీద ఎముకలో ఉండే ఖనిజం పెరుగుతోంది. కొన్ని పొరలైతే మెల్లగా కరిగిపోతున్నాయి. ట్రెంటో లేజర్ ఏమైంది, కరిగే సిలికాన్ మందుల పెట్టెలోకి ఎలా వచ్చింది, 2001లో మ్యూనిక్‌లో ద్రవ ఆక్సిజన్‌తో నిండిన ఇదే పొర బాంబులా ఎందుకు పేలింది, ఇవన్నీ వచ్చే భాగంలో.